మౌస్ ముట్టని మేడం

ఆవిడ స్కూలు గేటు దాటి లోపలికి వస్తోందంటే టీచర్ల గదిలో ముందు ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ఆ వెనకే ఓ నవ్వు. ఈరోజు పని తప్పదని నిట్టూర్పు. నవ్వు మాత్రం ఆవిడ చేతుల గురించి. భుజాన సంచి దించి కంప్యూటర్ పక్కన నిలబడగానే రెండు చేతులూ వెనక్కి పోతాయి. ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుంటుంది. ఇక తెర తలకిందులైనా ఆ చేతులు ముందుకు రావు.

ఉద్యోగం పేరు సాంకేతిక సహాయకురాలు. ఊళ్లో కొన్ని ప్రభుత్వ స్కూళ్లు ఆవిడ వంతు. రోజుకో స్కూలు తిరుగుతుంది. కంప్యూటర్లు, తరగతి గదుల్లో పెద్ద తెరలు, ఇంటర్నెట్ లైను, వాటిని వాడాల్సిన టీచర్లు, అన్నీ ఆవిడ బాధ్యతే. వైర్లతో తనకెప్పుడూ పేచీ లేదని, టీచర్లతోనే వచ్చిందని ఆవిడే చెబుతుంది.

"స్క్రూడ్రైవర్ పని నాది, మౌస్ పని మీది," అని ఏ స్కూల్లోనైనా మొదటి రోజే తేల్చేస్తుంది. అందుకే టీచర్లు ఆవిడకు 'మౌస్ ముట్టని మేడం' అని పేరు పెట్టారు. ఆ పేరు తన చెవిన పడ్డా పట్టించుకోలేదు.

ఈ పట్టుదల ఇంట్లో నేర్చుకున్నదే, కాకపోతే తిరగేసి నేర్చుకుంది. అన్నయ్యకు ఒకప్పుడు బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ కొట్టు ఉండేది. చదువు అయ్యాక ఈవిడా అందులోనే కూర్చుంది. జనం వచ్చి కుర్చీ అంచున ఒదిగి కూర్చుని కాగితాలు చేతికిచ్చేవాళ్లు. అన్నయ్య టకటకా కొట్టి పంపేసేవాడు. పాస్‌వర్డ్ తనే పెట్టి, తన దగ్గరే ఉంచుకునేవాడు. మళ్లీ పని పడితే మళ్లీ ఇక్కడికే రావాలి కదా. ఓసారి అన్నయ్య లేనప్పుడు ఒక నర్సుకు మెయిలు తెరవడం, దరఖాస్తు పంపడం దగ్గరుండి నేర్పింది ఈవిడ. ఆ నర్సు ఇంక కొట్టు మెట్లెక్కలేదు.

"నేర్పి పంపించావా తల్లీ? ఆ షట్టరు కూడా నువ్వే దించేయ్," అన్నాడు అన్నయ్య.

చివరికి ఆ షట్టరు దించింది ఫోన్లు. ఇప్పుడు అన్నయ్య అదే కొట్లో ఫోన్లకు కవర్లు అమ్ముతున్నాడు.

స్కూళ్లలో చేరిన కొత్తలో ఆవిడా అన్నయ్య దారే పట్టింది. టీచర్లు పిలవడం, ఈవిడ చక్కబెట్టడం, వాళ్లు దండం పెట్టి టీ తెప్పించడం. మళ్లీ వారం వచ్చి చూస్తే, తాను వదిలిన చోటే తెరలు దుమ్ము పట్టి ఉండేవి. నేను వచ్చిన రోజే బతికే యంత్రం వీళ్లకెందుకు అనుకుంది. ఆ రోజునుంచే చేతులు వెనక్కి పెట్టుకోవడం మొదలైంది.

ఆ చేతుల మీద అందరికంటే ఎక్కువ మండిపడింది భూగోళం మేడం. భూగోళం చెబుతుంది కాబట్టి ఆ పేరు. గొంతు విప్పితే వీధి చివర కొట్టువాడు కూడా సర్దుకుని కూర్చుంటాడు. ఏ నదినైనా పుట్టిన కొండ నుంచి సముద్రం దాకా, పుస్తకం చూడకుండా, పిల్లలవైపు తిరిగి మాట్లాడుతూనే బోర్డు మీద గీయగలదు. అలాంటావిడ కొత్త తెర బిగించిన మొదటి రోజు దాని మీద సుద్దముక్కతో తారీఖు రాసింది. ఆ తర్వాత డస్టర్‌తో తుడిచింది. పదో తరగతి మొత్తం విరగబడి నవ్వింది. ఆవిడ ఉద్యోగ జీవితంలో పిల్లలు ఆవిడను చూసి నవ్వడం అదే మొదలు. మర్నాడు ఆ తెర మీద పాత దుప్పటి కప్పి, దాని మీద కాగితం పటం తగిలించింది. ఆ దుప్పటి మళ్లీ లేవలేదు.

అప్పుడొచ్చింది పైనుంచి ఉత్తర్వు. పాఠాలన్నీ ఇకమీద జిల్లా కేంద్రంలోని స్టూడియో నుంచి నేరుగా తెరల మీదికి వస్తాయి. ఒక్క టీచరు అన్ని స్కూళ్లకూ చెబుతుంది. తెరను సొంతంగా నడిపి పాఠం చెప్పగలనని ఆఫీసరు ముందు నిరూపించుకున్న టీచర్లకు మాత్రం క్లాసు మిగులుతుంది. మిగతావాళ్లు గదిలో వెనక కూర్చుని పిల్లల్ని అల్లరి చేయకుండా చూడాలి.

హెడ్మాస్టరు మంచివాడే, గొడవ వాసన తగిలితే పక్కకు తప్పుకునే రకం. ఈవిడనీ, భూగోళం మేడంనీ తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏముందమ్మా ఇందులో," అన్నాడు ఈవిడతో. "ఆఫీసరు వచ్చే రోజు నువ్వు పక్క గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చో. తెరని అక్కణ్ణుంచే నడిపించు. మేడం ముందు నిలబడి పాఠం చెప్తారు. ఆఫీసరుకేం తెలుస్తుంది?"

"నడిపించను సార్."

"అక్కణ్ణుంచి కుదరదా?"

"కుదురుతుంది. నేను చెయ్యను."

హెడ్మాస్టరు భూగోళం మేడం వైపు చూశాడు. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ఎవర్నీ ఏదీ అడిగే అలవాటు లేదు ఆవిడకు.

"అమ్మాయ్, ఆ ఒక్క పీరియడ్ గట్టెక్కించు," అంది. "టెన్త్ క్లాసు పోతే నేనీ స్కూల్లో ఉండి ఏం చెయ్యను? వెనక బెంచీలో కూర్చుని, ఒరేయ్ మాట్లాడకండి అంటూ ఉండనా?"

"ఆ పీరియడ్ నేను గట్టెక్కిస్తే మర్నాడెవరు నడుపుతారు మేడం?"

"మర్నాటి సంగతి మర్నాడు చూసుకుందాం."

"మర్నాడే మీ క్లాసు లాక్కుంటారు. అప్పుడు పరీక్ష కూడా పెట్టరు."

"నీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం నా టేబుల్ మీదే ఉందమ్మా," అని గుర్తు చేశాడు హెడ్మాస్టరు, పాపం నొచ్చుకుంటూనే.

"పైన ఏదైనా బరువు పెట్టండి సార్. ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంది."

భూగోళం మేడం కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఎంత పొగరే నీకు."

"మీకంటే తక్కువే మేడం. రోజూ సాయంత్రం బెల్లయ్యాక మీ క్లాసులో ఉంటాను. వస్తే రండి."

మొదటి సాయంత్రం ఆవిడ రాలేదు. రెండో సాయంత్రం వచ్చి, తలుపు వేసి, గడియ పెట్టి, దుప్పటి లాగి పడేసింది. మౌస్‌ను డస్టర్ పట్టినట్టు పట్టి గాల్లోకి లేపింది.

"బాణం గుర్తు ఎటు పోయింది?"

"మీరే తరిమేశారు, అటు మూలకి."

"కాస్త ఇటు లాక్కురా."

"రాను మేడం."

"చేతులకేమైనా రోగమా?"

"రోగమే. మీరు నేర్చుకుంటే తగ్గుతుంది."

నేర్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. ఏ గుర్తు ఎక్కడుంటుందో ఆవిడకు ఎంతకీ పట్టుబడలేదు. చెప్పింది చెప్పినట్టే మర్చిపోయేది. అలిగేది. రెండుసార్లు సంచి సర్దుకుని గుమ్మం దాకా వెళ్లిపోయింది. మౌస్ ముట్టని మేడంకూ విసుగొచ్చింది కానీ, ఒక సంగతి గమనించింది. ఈ క్లాసులో ఎవరెక్కడ కూర్చుంటారో భూగోళం మేడంకు వెనక్కి తిరక్కుండానే తెలుసు. బోర్డు మీద రాస్తూనే, కిటికీ పక్కవాడా, ఆ కాగితం ఇలా తే అనగలదు.

"తెరని క్లాసనుకోండి మేడం," అంది. "కింద వరస ముందు బెంచీ. పై వరస వెనక బెంచీ. ఎడమవైపు కిటికీ, కుడివైపు తలుపు. ఇప్పుడు చెప్పండి, మూసెయ్యాలంటే ఎవర్ని పిలవాలి?"

భూగోళం మేడం తెరను ఎగాదిగా చూసింది. "వెనక బెంచీ, తలుపు పక్కవాడు."

"వాణ్ణి లేపండి."

లేపింది. కిటికీ మూసుకున్నట్టు తెర మీది పేజీ మాయమైంది. ఆవిడ ఇంకోటి తెరిచి మళ్లీ మూసింది. ఆ సాయంత్రం వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేదాకా ఆ గదిలో హాజరు పిలుస్తున్నట్టే గొంతు వినిపించింది.

ఇంట్లో అన్నయ్య మాత్రం నవ్వాపుకోలేకపోయాడు. "ఆవిడ పరీక్ష తప్పితే నీ ఉద్యోగమూ పోతుందటగా. పోన్లే, మన కొట్లో ఫోన్లకి కవర్లు తొడుగుదువుగాని."

"తొడగనన్నయ్యా. ఎలా తొడుక్కోవాలో చూపిస్తాను."

"కొట్టు రెండోసారి ముంచుతావన్నమాట."

పరీక్ష రోజు ఆఫీసరు సరిగ్గా పీరియడ్ మొదట్లోనే వచ్చాడు. సన్నటి మనిషి. చేతిలో టాబ్లెట్, ముఖంలో ఇంకా చూడాల్సిన స్కూళ్ల అలసట. హెడ్మాస్టరు గోడవారగా నిలబడ్డాడు. మౌస్ ముట్టని మేడం గుమ్మం దగ్గర, చేతులు వెనక్కి. భూగోళం మేడం దుప్పటి తీసింది. మౌస్ నొక్కింది.

గోడంత తెర మీద ఆవిడ ముఖమే ప్రత్యక్షమైంది. ముందు బెంచీలో ఒకరి బదులు మరొకరిని లేపింది. పటం రావాల్సిన చోట కెమెరా తెరుచుకుంది. కళ్లజోడు, దాని వెనక బెదిరిన కళ్లు, చెంప మీద సుద్ద మరక, అంతా గోడ నిండా.

క్లాసు ఫక్కున నవ్వింది.

"వెళ్లమ్మా, వెళ్లి సరిచెయ్యి," అన్నాడు హెడ్మాస్టరు పళ్లు బిగబట్టి. భూగోళం మేడం కూడా గుమ్మం వైపు చూసింది. నాలుగడుగులు వేసి ఒక్కటి నొక్కితే అయిపోయే పని అది. మౌస్ ముట్టని మేడం మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుంది. కదల్లేదు.

భూగోళం మేడం చూపు తిప్పుకుని తెర మీదున్న తన ముఖాన్ని చూసింది. తర్వాత పిల్లల్ని చూసింది.

"నవ్వారుగా, ఇంకాస్త నవ్వండి," అంది. "బాగా చూసుకోండి ఈవిణ్ణి. ఈ క్లాసు చెప్పేది ఈవిడే. స్టూడియోలో కూర్చున్నావిడకి మీరు నవ్వినట్టు కూడా తెలీదు." నవ్వు ఆగింది. "వెనక బెంచీ, తలుపు పక్కవాడా, లే."

ముఖం మాయమైంది. తలుపు పక్కన నిజంగా కూర్చున్నవాడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "నువ్వు కాదురా, కూర్చో," అంది.

ఈసారి పటం తెరుచుకుంది, ఆకాశం నుంచి తీసిన ఫొటోలతో. కొండల్లో నది పుట్టిన చోటు చూపించి, దాని వెంటే కిందికి లాక్కొచ్చింది. సగం దారిలో లైను మందగించి తెర బూడిదరంగు గళ్లయింది. ఆవిడ అటు చూడనైనా చూడకుండా సుద్దముక్క తీసుకుని, పక్కనున్న బోర్డు మీద మిగిలిన నది గీయడం మొదలుపెట్టింది. సముద్రం దాకా గీసేసరికి తెర మీద ఫొటో తేరుకుంది.

"మేడం," అంది మధ్య బెంచీలో ఒకమ్మాయి, కాస్త భయంగా. "మీరు గీసిన వంపు అక్కడ లేదు."

భూగోళం మేడం బోర్డునూ తెరనూ మార్చి మార్చి చూసింది. ఫొటోను ఇంకా దగ్గరికి తెచ్చింది. బోర్డు మీద వంపు ఉన్నచోట, తెర మీద కొడవలిలాంటి పాత మడుగు ఒకటి, చుట్టూ పొలాలు. నది దాన్ని వదిలేసి నేరుగా పోతోంది.

"నేను చదువుకున్నప్పుడు అక్కడే ఉంది," అంది నెమ్మదిగా. "ఇన్నేళ్లూ మీ అందరికీ పాత నదే గీస్తున్నానన్నమాట. నది దారి మార్చుకుంది. ఎందుకు మార్చుకుందో ఎవరు చెప్తారు?"

గదిలో సగం చేతులు లేచాయి. ఒకడు వరద అన్నాడు, ఒకడు ఇసుక తవ్వేశారన్నాడు. ఆ మడుగు పక్క ఊరు తన అమ్మమ్మదని ఒకమ్మాయి లేచింది. పాఠం ఆవిడ చేతిలోంచి పిల్లల చేతుల్లోకి పోయి, మళ్లీ ఆవిడ చేతిలోకే వచ్చింది.

ఆఫీసరు కూడా కాసేపు టాబ్లెట్ మర్చిపోయాడు. తర్వాత గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"పాఠం బాగుంది మేడం. కానీ మొదట్లో తడబడ్డారు. నేను చూడాల్సింది అదే. స్టూడియో పాఠం వస్తే మీకూ శ్రమ తప్పుతుంది," అంటూ లేవబోయాడు.

"కూర్చోండి సార్," అంది భూగోళం మేడం.

అది పిల్లలతో మాట్లాడే గొంతు. ఆయన కూర్చున్నాడు.

"పీరియడ్ ఇంకా అయిపోలేదు. మొదట్నుంచి మళ్లీ చేస్తాను."

"మేడం, సార్ ఇంకో స్కూలికి వెళ్లాలి," అని అడ్డుపడ్డాడు హెడ్మాస్టరు.

"మీరూ కూర్చోండి."

హెడ్మాస్టరు దగ్గర్లోని బెంచీలో పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆవిడ అంతా మూసేసి తెర ఆపేసింది. ఆఫీసరు గుమ్మం వైపు తిరిగాడు.

"మీరే కదా సహాయకురాలు? సాయం చెయ్యరేం?"

"చేస్తూనే ఉన్నాను సార్."

భూగోళం మేడం తెర వెలిగించింది. ముందు బెంచీలో ఒకర్ని లేపింది, వెనక బెంచీలో ఒకర్ని కూర్చోబెట్టింది. పెదాలు కదులుతున్నాయి కానీ ఈసారి పైకి వినిపించలేదు. పటం వచ్చింది. కొండ, నది, వదిలేసిన వంపు, సముద్రం. ఎక్కడా ఆగలేదు. మూసి, మౌస్ కింద పెట్టి, చేతుల సుద్ద దులుపుకుంది.

"ఏం రాస్తున్నారో పైకి చదవండి సార్. పిల్లలూ వింటారు."

ఆఫీసరు ఓ క్షణం తటపటాయించాడు. గదంతా ఆయన్నే చూస్తోంది. టాబ్లెట్ మీద వేలితో నొక్కి చదివాడు. "సొంతంగా నడిపారు. క్లాసు కొనసాగించవచ్చు."

ఆయన్ని సాగనంపడానికి లేచిన హెడ్మాస్టరు గుమ్మంలో ఆగి, "నీ కాగితం సంగతి చూద్దాంలే అమ్మా," అన్నాడు.

"చూడండి సార్," అంది, దారి ఇస్తూ.

వాళ్లిద్దరూ వెళ్లాక కూడా మౌస్ ముట్టని మేడం అక్కడే నిలబడి ఉంది. ఎర్రటి గోటి గాట్లు పడ్డ మణికట్టును అప్పుడే వదిలి రుద్దుకుంటోంది. భూగోళం మేడం మళ్లీ తెర వెలిగిస్తూ తలెత్తి చూసింది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? నీతో నాకిప్పుడు పనేం లేదు. వెళ్లు, ఆ తలుపు దగ్గరగా వెయ్యి. పాఠం మధ్యలో ఉన్నాను."