ముందు చక్రాల బొట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, ఆటోమొబైల్ డిప్లొమా, జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్. మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఎదుటివాళ్లు మాట మొదలుపెడితే మిగతా సగం నేనే పూర్తి చేసేవాణ్ణి. ఇప్పుడు ముప్పై అయిదు దాటాక, సొంత షెడ్డులో నిలబడి, ఎవరైనా బండి తెస్తే "ఏమైందండీ?" అని అడిగి, వాళ్లు చెప్పిందంతా నోరు మూసుకుని వింటున్నాను. ఈ బుద్ధి నాకు కాలేజీలో రాలేదు. ఒక ముసలి పికప్ బండి వారం రోజులు ఏడిపించి మరీ నేర్పింది.

మాది పురసవాక్కంలో చీరల అంగడి ఉన్న కుటుంబం. అంగడిని నడిపేది మా పెదనాన్న. ఆయన దృష్టిలో మగపిల్లలు రెండే రకాలు: అంగట్లో కూర్చున్నవాళ్లు, ఇంకా కూర్చోనివాళ్లు. నేను రెండో రకంగానే మిగిలిపోవాలని గట్టిగా నిర్ణయించుకుని, కోడంబాక్కంలో మా మేనమామ షెడ్డులో చేరాను. మామ సినిమా షూటింగులకు జనరేటర్ బాడుగకిచ్చేవాడు (అందుకే చుట్టాలందరికీ ఆయన జనరేటర్ మామ). జనరేటర్లు కోడంబాక్కంలో చాలామందికి ఉన్నాయి. కానీ దాన్ని సముద్రపు ఇసుకలోకి లాక్కెళ్లగలిగే బండి మామ ఒక్కడికే ఉండేది. ఏదో తేయాకు తోటల కంపెనీ వేలంలో కొన్నాడట. వయసులో నాకంటే రెండేళ్లు చిన్నది, మొండితనంలో మాత్రం నాకు సమానం. మామూలు గేర్ రాడ్ పక్కనే దానికి ఇంకో బుల్లి రాడ్ ఉండేది. దాన్ని "ఫోర్ లో" అని రాసిన చోటికి లాగితే నడక బాగా నిదానమై, బలం పెరిగి, వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలు కూడా లాగేవి. మామ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బుల్లి రాడ్ పుణ్యానే.

మా అత్తకు ఆ బండి అంటే భక్తి. ప్రతి శుక్రవారం ముందు చక్రాల నడిమధ్యన, హబ్బు మూతల మీద, గంధం పూసి కుంకుమ పెట్టేది. "బండికి మొగం అదే నాయనా. ఆ బొట్టు మీద చెయ్యి పెట్టొద్దు" అని నాకు ఆజ్ఞ. ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజ రోజు పొద్దున మాత్రమే దాన్ని కడగాలి. నేను చేరిన ఏడాది ఆ కడిగే భాగ్యం నాకే దక్కింది. రాయిలా గట్టిపడ్డ పాత గంధాన్ని పైపైన గీకాను. రెండు మూతలూ చెరోపక్కకి వంకరగా తిరిగి ఉంటే చూడలేక, చక్కగా నిలువుకి సరిచేశాను. పైన వెండి రంగు రెండు పూతలు వేశాను. పూజకు వచ్చిన చుట్టాలు బొరుగులు, శనగలు తింటూ తెగ మెచ్చుకున్నారు. అత్త ఫోన్లో ఫోటో కూడా తీసింది. రంగు ఆరీ ఆరకముందే దాని మీద మళ్లీ గంధం, కుంకుమ పడ్డాయి.

నెల తిరక్కుండానే ఈసీఆర్ రోడ్డు పక్కన సముద్రం ఒడ్డున ఒక షూటింగు పడింది. మామ దర్జాగా బుల్లి రాడ్ లాగాడు. ఇంజన్ హోరెత్తింది. వెనక చక్రాలు రెండూ గుంతలు తవ్వుకుని కిందికి దిగిపోయాయి గానీ బండి జానెడు కూడా కదల్లేదు. చివరికి బెస్తవాళ్లు ఇరవై మంది తాళ్లు కట్టి లాగితే బయటపడింది. ప్రొడక్షన్ మేనేజరు "వచ్చే శుక్రవారం ఈడనే పాట తీస్తాము. అప్పుడు కూడా ఇట్లయితే వేరే బండి చూసుకుంటాం" అనేశాడు. బండి కోడంబాక్కం చేరేలోపే కబురు పురసవాక్కం చేరింది. (మా కుటుంబంలో చెడ్డ కబురుకి సిగ్నళ్లు అడ్డురావు.) పెదనాన్న ఫోన్ చేశాడు.

"రేయ్, డిప్లొమా చదివినోడివి, ఒక బండిని ఇసకలో లాగించలేవా? శుక్రవారం దాకా చూస్తా. లాగిందా, నువ్వు ఆడనే ఉండు, నేను మళ్లీ ఆ మాటెత్తను. లాగలేదా, శనివారం పొద్దున వచ్చి ఈడ పరుపు మీద కూర్చోని చీరలు మడత పెట్టు. అంతే దా."

పద్నాలుగో ఏట ఒక వేసవి ఆ పరుపు మీద గడిపాను. నేను మడిచిన పట్టుచీర దిండు గలీబులోకి కుక్కినట్టుండేది. దాన్ని పెదనాన్న కస్టమర్ల ముందే విప్పి చూపించేవాడు. ఆ జీవితంలోకి మళ్లీ వెళ్లడం కంటే ఆ ఇసుకలో నన్నే పాతిపెట్టినా బాగుండుననిపించింది.

సోమవారం మొదలుపెట్టాను. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ దీపం వెలుగుతోందా? వెలుగుతోంది. బండి ఆపి, క్లచ్ తొక్కి, న్యూట్రల్లో పెట్టి, బుల్లి రాడ్ లాగితే పడుతోందా? వెన్నలో కత్తిలా పడుతోంది. నడక నిదానమవుతోందా? అవుతోంది. అన్నీ సరిగ్గా ఉంటే మరి దీనికొచ్చిన రోగమేమిటి? ఏదైనా ఒకటి విరిగి ఉంటే దాని మీద కోపం తెచ్చుకోవచ్చు. అన్నీ బాగుండి పనిచెయ్యని యంత్రాన్ని ఏమనాలి? మంగళవారం ఆయిలంతా దించి కొత్తది పోశాను. తేడా లేదు. టీ కొట్టతను వచ్చి బ్యాటరీ మార్చమన్నాడు. పక్కింటి కార్పెంటరు టైర్లలో గాలి తగ్గించమన్నాడు. అత్త చక్రానికో నిమ్మకాయ పెట్టి తొక్కించమంది. తొక్కించాను. ఆ నిమ్మకాయల్ని కూడా వెనక చక్రాల బలంతోనే తొక్కింది దరిద్రపు బండి.

బుధవారం బండిని నాలుగు పక్కలా జాకీల మీద లేపి, మామని లోపల కూర్చోబెట్టి, నేను కిందికి దూరాను. ముందుకి వెళ్లే షాఫ్టు గిరగిరా తిరుగుతోంది. చక్రాలు మాత్రం తమకేమీ పట్టనట్టు నిలబడి ఉన్నాయి. "క్రౌన్ పోయింది మామా!" అని పెద్దగా అరిచాను. క్రౌన్ అంటే రెండు చక్రాల మధ్య ఇరుసులో ఉండే పళ్లచక్రాల పెట్టె. అది పోతే మామకి ఎంత కష్టమో ఆలోచించకుండా, పెళ్లి కుదిరినంత సంబరంగా అరిచాను. మర్నాడు సాయంత్రం దాకా దాన్ని విప్పాను. ఒక్క పన్ను విరగలేదు. ఒక్క పన్ను అరగలేదు. కొత్త పెళ్లాం పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెల్లా మెరుస్తున్నాయి అన్నీ. వాటిని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

"అల్లుడూ, స్పానర్ తాతని ఒకతూరి పిలుద్దామా?" అన్నాడు మామ నెమ్మదిగా. ఆ వారంలో అది నాలుగోసారి. స్పానర్ తాత అంటే మా వీధి చివర ముసలి మెకానిక్కు. చదువు అయిదో క్లాసు.

"ఆయనకి ఇట్లాంటి సిస్టం తెలవదు మామా. ఇది వేరే టెక్నాలజీ."

"సరే పా, నువ్వే చూడు" అని మామ వెళ్లిపోయాడు. నేను ఫోన్లో వీడియోలు వెతికాను. ఎక్కడో మంచు దేశంలో గడ్డపాయన ఒకడు అచ్చం ఇలాంటి రోగాన్నే వివరిస్తూ, బండి దిగి, ముందు చక్రం నడిమధ్య ఏదో గుబ్బని చేత్తో తిప్పి చూపించాడు. "మన బండికి ఇట్లాంటి గుబ్బ లేదు" అని నాలో నేనే తీర్పు చెప్పుకుని వీడియో ఆపేశాను. (ఆ నిమిషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.)

విప్పిందంతా రాత్రికి రాత్రే బిగించి, శుక్రవారం పొద్దున ఎనిమిదికల్లా ఇసుక ముందు నిలబడ్డాం. నన్ను అప్పటికప్పుడే తీసుకుపోవడానికి అన్నట్టు పెదనాన్న కూడా తెల్ల పంచె కట్టుకుని ఆటోలో దిగాడు. మామ బుల్లి రాడ్ లాగాడు. ఇంజన్ అరిచింది. వెనక చక్రాలు గుంతలు తవ్వాయి. ప్రొడక్షన్ మేనేజరు వాచీ చూసుకున్నాడు. నేను పెదనాన్న వైపు చూడలేక సముద్రం వైపు చూశాను.

అప్పుడు బండి వెనక నుంచి, తాడు చుట్టల మధ్య నుంచి, స్పానర్ తాత దిగాడు. నాకు చెప్పకుండా మామ ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. తాత ఇంజన్ వైపు చూడనైనా లేదు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గంధం మీద గోటితో తట్టాడు.

"తంబీ, ఈ బొట్టు కింద ఏముండాది?"

"మూత తాతా. సుమ్మా, ఉత్త మూతే. అది తుడవగూడదు, మా అత్త..."

"మీ అత్తకి నేను చెప్పుకుంటాలే. గుడ్డకి కొంచెం పెట్రోలు తడిపి తే."

తెచ్చాను. గంధం పోయింది, కుంకుమ పోయింది. కింద వెండి రంగు తళతళలాడింది. తాత స్క్రూడ్రైవర్ అడిగాడు. నా జేబులో ఉన్నదే తీసిచ్చాను. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటే ఒక గుబ్బ బయటపడింది. దాని మీద ఒక బాణం. ఒక పక్క "ఫ్రీ" అని, ఇంకో పక్క "లాక్" అని ఇంగ్లీషు అక్షరాలు. బాణం నిటారుగా "ఫ్రీ" వైపు నిలబడి ఉంది.

"ఇది ఫ్రీలో ఉంటే లోపల ఇరుసు తిరగతా ఉంటాది, చక్రం మటుకు తిరగదు" అన్నాడు తాత. "లాక్‌లో పెడితేనే రెండూ ఒకటవతాయి. వేళ్లతో తిప్పేది. ఎవుడో పెయింటు కొట్టి అతికించేసినాడు." పట్టకారుతో పట్టి తిప్పాడు. టక్కుమంది. అవతలి చక్రానిదీ తిప్పాడు. మామ ఎక్కి బుల్లి రాడ్ లాగాడు. ముందు చక్రాలు ఇసుకని పట్టుకున్నాయి, బండి గుంతలోంచి లేచి, జనరేటర్‌ను వెంటబెట్టుకుని, ఏమీ జరగనట్టు నింపాదిగా సముద్రం వైపు నడిచిపోయింది.

మామ దిగి రాగానే తాత అడిగాడు. "ఈ పెయింటు ఎవురు కొట్టింది?"

వంకరగా ఉన్న మూతల్ని నిలువుకి సరిచేసిన నా చేతులు, వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియక వెనక్కి వెళ్లాయి. మామ నా ముఖం చూశాడు.

"నేను కొన్నప్పటి నుంచి అట్లనే ఉండాది తాతా" అన్నాడు.

"అట్లయితే ముందరంతా ఎట్ల లాగింది?"

మామ కాసేపు ఆలోచించాడు. "అప్పుడు ఇసక గట్టిగా ఉండె" అన్నాడు. తాత నన్నూ మామనీ మార్చి మార్చి చూసి, నా స్క్రూడ్రైవర్ తుడిచి నా చేతికిచ్చేశాడు. పెదనాన్న చెప్పుల్లో ఇసుక దులుపుకున్నాడు. "లాగింది గదా, సరే. ఎండ జాస్తిగా ఉండాది, నేను పోతా" అని ఆటో ఎక్కాడు. చెప్పిన మాట ప్రకారం మళ్లీ ఎప్పుడూ అంగడి మాటెత్తలేదు. మామ అబద్ధం నన్ను కాపాడిందని, పెదనాన్నని ఎంత బాగా బోల్తా కొట్టించామని ఏళ్ల తరబడి మురిసిపోయాను.

మొన్న ఆయుధపూజకి అత్త కుటుంబం గ్రూపులో పాత ఫోటో ఒకటి పెట్టింది. బక్కగా, తలనిండా జుట్టుతో నేను చక్రం ముందు కూర్చుని ఉన్నాను. పక్కన వెండి రంగు డబ్బా, నా చెయ్యి హబ్బు మూత మీద. సరిగ్గా నా భుజం వెనకే, చేతిలో బొరుగుల పొట్లంతో వంగి నా చేతినే చూస్తూ పెదనాన్న. ఆయన అక్కడ ఉన్నాడన్న సంగతే నాకు గుర్తులేదు. వెంటనే ఫోన్ చేశాను. వెనక అంగడి రొద వినిపిస్తోంది.

"పెదనాన్నా, ఆ పొద్దు బీచిలో మీకు తెలుసు గదా, పెయింటు కొట్టింది నేనేనని?"

"తెలవక ఏమి? నువ్వు ఆ మూత తిప్పతా ఉంటే, 'ఎందుకురా తిప్పతా ఉండావు, దానికేమన్నా పని ఉండాదేమో' అని అడిగితిని గూడా. 'మీకు తెలవదులే పెదనాన్నా' అంటివి."

"మరి ఆడ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే నువ్వొచ్చి నా పరుపు మీద కూర్చుంటావు గదరా. బండి లేచినప్పుడు నీ మొగం చూస్తిని. అట్లాంటి మొగం నా అంగట్లో ఒక్క దినమన్నా పెట్టినావా? సరేలే, గిరాకీ ఉండాది, పెట్టేయ్."

ఫోన్ పెట్టేసి ఆ ఫోటోని మళ్లీ దగ్గరగా పెట్టుకుని చూశాను. పెదనాన్న నోరు కొద్దిగా తెరిచి ఉంది, ఏదో అంటున్నట్టు. అదే ఆ మాట అయి ఉండాలి. ఆ ఇరవై రెండేళ్లవాడు మాత్రం ఆయన వైపు తల కూడా తిప్పలేదు. ఒక కన్ను మూసి, మూత నిలువుగా వచ్చిందో లేదోనని ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నాడు, పాపం.