అక్క చేతికి సరిపడే కత్తి

తమ్ముడు ఎవరింటికి వెళ్ళినా ముందు వంటగదిలోకి తొంగిచూసేవాడు. తినడానికి ఏముందో చూద్దామని కాదు. అక్కడున్న కత్తి అందుకోవాలి, పిడి చివర పట్టుకుని ఒకసారి లాగాలి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి, వదులుగా ఉందో లేదో తేల్చుకోవాలి. అప్పటిదాకా ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటికి వెళ్ళి, మొదటి పూటే వాళ్ళ కూరగాయల కత్తికి పిడి ఊడదీసి కూర్చున్నాడు.

"అల్లుడొచ్చాడని మా అమ్మ సంబరపడింది. సాయంత్రం దాకా ఉల్లిపాయలు గుద్దుకుని వండుకున్నాం," అని అతని భార్య, అంటే అక్కకు మరదలు, పాతికేళ్ళ తర్వాత కూడా చెప్పేది.

"ఊడేది ఎలాగూ ఊడుతుంది. నా చేతిలో ఊడింది కాబట్టి ఎవరికీ తెగలేదు," అనేవాడు తమ్ముడు. అందులో సిగ్గేమీ కనిపించేది కాదు.

అతను కత్తులు చేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఒక కొలిమి, దుంగకు బిగించిన వైసు, కిటికీ అరుగు మీద పొడవును బట్టి వరసగా పేర్చిన, ఇనుము అరగదీసే ఆకురాళ్ళు. వాటిలో ఒక్కటి చోటు మారినా ఆ రోజు ఇంట్లో ఎవరికీ శాంతి ఉండేది కాదు. కొనడానికి వచ్చేవాళ్ళు అతన్ని నిండు మేస్త్రి అనేవారు. ఆ పేరు రావడానికి కారణం ఉంది.

కత్తిలో మనకు కనిపించేది, అంటే కోసే అలుగు, సగమే. పిడిలోకి వెళ్ళే ఇనుమును అతను తోక అనేవాడు. ఆ తోక పిడి అంత వెడల్పుగా, పిడి చివరిదాకా వచ్చి, దానికి అటొక చెక్క ఇటొక చెక్క పెట్టి రివెట్లు కొడితే అది నిండు తోక. ఇనుము అంచు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. అలా కాకుండా తోకను వేలికన్నా సన్నగా తీసి, ఒకే చెక్కకు చిల్లి పెట్టి అందులోకి దింపి జిగురుతో బిగిస్తే అది దాపు తోక. పైకి చెక్క తప్ప ఏమీ కనిపించదు. తమ్ముడు నిండు తోక తప్ప చేసేవాడు కాదు. అడిగినవాళ్ళతో, "లోపలేముందో కనిపించని దాన్ని నమ్మి చెయ్యి ఎలా పెడతారండీ?" అనేవాడు.

మొదటినుంచీ అలా లేడు. ఇరవై ఏళ్ళ కిందట అన్నీ దాపు తోకలే చేసేవాడు. వాటిలో ఒకటి అక్కకు ఇచ్చాడు. ఆమె ఆసుపత్రి వంటగదిలో కూరగాయలు కోసే పనిలో చేరిన రెండో ఏడు అది. ఒక ఉదయం గుమ్మడికాయ చీలుస్తుంటే కత్తి పిడి దగ్గర పుటుక్కున విరిగింది. అలుగు ఎగిరి బొటనవేలి మొదట్లో దిగింది. ఏడు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం తమ్ముడు షెడ్డులో ఉన్న దాపు తోక పిడులన్నీ కొలిమిలో పడేశాడు. "ఆ తోక మంచిది కాదక్కా," అన్నాడు. ఆ మాట అప్పటినుంచి మారలేదు.

ఇన్నేళ్ళ తర్వాత అక్క మళ్ళీ అదే అడగడానికి వచ్చింది.

ఆమె మణికట్టు వాచింది. పొద్దున నాలుగు బస్తాల కూరగాయలు కోసేసరికి వేళ్ళు ముడుచుకోవడం లేదు. పెద్ద వంటాయన మంచివాడే, కానీ నాలుగు వందల మందికి భోజనం సమయానికి వెళ్ళాలి. "నెలాఖరు దాకా చూద్దామమ్మా. చెయ్యి సహకరించకపోతే కింద ట్రేలు తుడిచే వైపు మారిపో," అన్నాడు. కింద గదికి కిటికీ లేదు. ఆవిరి తప్ప మాట్లాడే మనిషి ఉండడు. పైన కిటికీ పక్కన ఉన్న కోసే చెక్క దగ్గర ఆమె ఇరవై రెండేళ్ళు నిలబడింది. వంటగదిలో ఎవరికి ఏ కబురు కావాలన్నా ఆ చెక్క దగ్గరికే వచ్చేవారు. చెక్క పోతే తనకు ఇంకేం మిగులుతుందో ఆమెకు తెలియలేదు.

"ఒరేయ్, నాకు తేలిక కత్తి కావాలి. బరువంతా పిడిలో ఉంటే నా చెయ్యి దాన్ని మోయడానికే సరిపోతోంది. ముందుకి బరువుండి, పిడి తేలిగ్గా ఉండేది చెయ్యి. ఇదివరకు నువ్వు చేసినట్టు."

"అది తప్ప ఏదైనా అడగక్కా."

"నాకు కావలసింది అదే. వేరే ఏదో అడగడానికి ఇంత దూరం నడిచొస్తానా?"

అతను వారం తిరక్కుండా ఒక కత్తి తెచ్చి చేతిలో పెట్టాడు. నిండు తోకే. కాకపోతే తోకను చివరికి వెళ్ళేకొద్దీ ఆకురాయితో పలచగా రాకాడు. అక్క రెండు రోజులు వాడి వెనక్కి తెచ్చింది. ఈసారి తోకకు జల్లెడలాగా చిల్లులు పెట్టాడు. అదీ వెనక్కి వచ్చింది. మూడోసారి చెక్కలే మార్చి, బెండులాంటి తేలిక చెక్క వేశాడు. అక్క దాన్ని పిడి మొదలు దగ్గర చూపుడు వేలి మీద అడ్డంగా నిలబెట్టింది. అది నెమ్మదిగా పిడి వైపే ఒరిగింది.

"చూడు. పడుకోడానికి వెళుతోంది," అంది అక్క.

"నాలుగోది చేస్తాను."

"నాలుగోది నువ్వు చేసేసరికి నేను ట్రేలు తుడుస్తూ ఉంటా. నెలాఖరుకు ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి."

మరదలు గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. చేతిలో పాత బిస్కెట్ల డబ్బా ఉంది. దాన్ని తెచ్చి వైసు పక్కన ఠంగుమని పెట్టింది.

"వదినా, మీ తమ్ముడికి నోరు రాదు. ఇందులో ఉన్నది మీరే చూడండి. ఇరవై ఏళ్ళుగా ఏటా ఒకసారి తీసి, నూనె రాసి, మళ్ళీ మూత పెడుతుంటాడు. నేనడిగితే మేకులంటాడు. మేకులకు నూనెందుకు?"

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు తమ్ముడు.

"వెళ్ళను. నా డబ్బా అది."

గుడ్డ విప్పితే అక్క కత్తి బయటపడింది. రెండు ముక్కలు. అలుగు ఒకటి, తోక దిగివున్న పిడి ఒకటి. అక్క విరిగిన చోటు వెలుతురుకు పట్టి చూసింది. సగం తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం నల్లగా ఉంది. తోక చెక్కలో విరగలేదు. అలుగు ఆగి తోక మొదలయ్యే మూల దగ్గర విరిగింది.

"ఈ నలుపేమిట్రా?"

తమ్ముడు ఒక ఆకురాయి తీసి, చూసి, మళ్ళీ దాని చోట్లోనే పెట్టాడు.

"పాత పగులది. గట్టిపడటానికి, కాల్చిన కత్తిని నూనెలో ముంచినప్పుడే పగిలింది. నువ్వు గుమ్మడికాయ కోసే రోజుకు సగమే మిగిలింది." విరిగిన చోటును వేలితో చూపించాడు. "ఆ మూల గుండ్రంగా తియ్యాలి. మా గురువు మొదటి రోజే చెప్పాడు. పలక మూలలా పదునుగా ఉంటే పిడి అంచుకు అతుక్కున్నట్టు అందంగా కూర్చుంటుందని నేను అలా తీశాను. మూల పదునుగా ఉంటే ఇనుము అక్కడే చీలుతుంది. నాకు తెలుసు. నీకిచ్చేది కదా, అందంగా ఉండాలనుకున్నాను."

"అంటే తోకది తప్పు కాదు."

"కాదు. తోక మీదకు నెట్టాను. అందరికీ అదే చెప్పాను. చెప్పి చెప్పి, నేనూ నమ్మడం మొదలుపెట్టాను."

అక్క తన బొటనవేలి కింద మచ్చను కాసేపు రుద్దుకుంది. తర్వాత నవ్వింది.

"చెయ్యి తెగినందుకు నాకెప్పుడూ కోపం లేదురా. ఈ నెలంతా మూడు గునపాలు మోయించావు చూడు, దానికొచ్చింది కోపం."

"గునపాలు," అంది మరదలు ఇష్టంగా. "నేను ఇనప్పెట్టెలు అనుకున్నా."

తమ్ముడు మర్నాడు పొద్దున్నే కొలిమి వెలిగించాడు. అక్క సెలవు పెట్టి స్టూలు మీద కూర్చుంది. పోయిన సారి ఆమె చూడని పనంతా ఈసారి ఆమె ముందే జరగాలని అతని పంతం. పలచటి అలుగు సాగదీశాడు. తోక మొదలయ్యే చోట గుండ్రటి ఆకురాయితో రెండు మూలలూ చిటికెనవేలి గోరు వంపులా తీశాడు. ప్రతి పది రాకుళ్ళకూ అక్క వేలు పట్టుకుని అక్కడ తాకించాడు. "ఎక్కడైనా మూల తగులుతోందా?" "లేదు." "సరిగ్గా చూడు." "లేదని చెప్పాగా, ఏమిట్రా ఈ చాదస్తం."

అలుగు గట్టిపరిచాక తోకను మాత్రం మళ్ళీ నీలిరంగు వచ్చేదాకా వేడిచేసి మెత్తపరిచాడు. అది వంగాలి గానీ విరక్కూడదు. పిడి బిగించేముందు తోకను వైసులో పట్టించి, అలుగుకు గుడ్డ చుట్టి, తన బరువంతా వేసి వేలాడాడు. ఇనుము కొంచెం వంగి మళ్ళీ నిలబడింది. తర్వాత చెక్కకు చిల్లి పెట్టి, తోకను దింపి, జిగురు పోసి, రెండు రోజులు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మూడో రోజు గుమ్మడికాయ కొనుక్కొచ్చాడు. అక్క చెయ్యి చాచింది. ఇవ్వలేదు. తనే కోశాడు. ఒకటి కాదు, నాలుగు. కోస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి తెచ్చి అలుగు ఎగిరితే సరిగ్గా తగిలే చోట పెట్టాడు. మరదలు చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. నాలుగోది కూడా చీలాక, పిడి లాగి, చెవి దగ్గర ఊపి, అప్పుడిచ్చాడు.

అక్క వేలి మీద నిలబెట్టింది. కత్తి ముందుకు ఒరిగింది.

నెలాఖరు రోజున పెద్ద వంటాయన గడియారం చూస్తూ చెక్క పక్కన నిలబడ్డాడు. తమ్ముడు వెనక తలుపు దగ్గర ఉన్నాడు. లోపలికి రావాలంటే జుట్టుకు వల టోపీ పెట్టుకోవాలన్నారు, పెట్టుకున్నాడు. అక్క నాలుగు బస్తాలు కోసింది. చివరి బస్తా దగ్గర కాస్త నెమ్మదించింది గానీ ఆగలేదు. వంటాయన గడియారం జేబులో పెట్టుకుని, "రేపు క్యాబేజీ ఎక్కువుంటుందమ్మా," అని వెళ్ళిపోయాడు. అక్క తిరిగి చూస్తే తమ్ముడు టోపీతోనే రోడ్డు మీదకు నడిచి వెళుతున్నాడు. ఇంటిదాకా అలాగే వెళ్ళాడని మరదలు తర్వాత చెప్పింది.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆమె ఆ కిటికీ పక్కనే కోసింది. ప్రతి ఆదివారం తమ్ముడు వచ్చి కత్తి అడిగి తీసుకుని, పిడి లాగి చూసి, ఇచ్చేవాడు. షెడ్డుకు వచ్చేవాళ్ళు ఏ తోక మంచిదని అడిగితే, "ముందు మీ చెయ్యి చూపించండి," అనడం మొదలుపెట్టాడు. దాపు తోక కావాలన్నవాళ్ళకు డబ్బాలోని ముక్కలు తీసి, ఆ నల్లటి సగం చూపించి, అది తన తప్పని చెప్పి మరీ చేసిచ్చేవాడు.

తమ్ముడు చనిపోయిన ఏడాది అక్క మరదలి ఇంటికి వెళ్ళింది. వంటకు సాయం చేద్దామని చెక్క ముందు కూర్చుంది. గోడకు ఆమె అప్పట్లో వెనక్కిచ్చిన నిండు తోక కత్తులు మూడూ వేలాడుతున్నాయి. చిల్లులు పెట్టిన దాన్ని అందుకుని పిడి చివర పట్టుకుని లాగింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మరదలు పొయ్యి దగ్గర చేస్తున్న పని ఆపేసి చూస్తోంది.

"ఏం వదినా, వదులైందా?"

"లేదు. గట్టిగానే ఉంది."

"అయితే కొయ్యండి. నూనె కాగిపోతోంది."