నా పేరు లేని గిన్నెలు

నవంబర్ 12, శుక్రవారం. అజ్మాన్‌లో పొద్దున్నే పలచటి మంచు. భర్త నుంచి విడిపోయిన మా చెల్లెలు, కూతురితో పాటు మా ఫ్లాటుకు తెచ్చుకున్న స్టీలు గిన్నెలు సగం తోమాను.

ఒక గ్లాసు మీద వాళ్లాయన పేరు, చుక్కలు చుక్కలుగా. మన ఈడు వాళ్లకు గుర్తుందా? గిన్నె కొంటే కొట్లోనే పేరు కొట్టించేవాళ్లు.

మా అమ్మానాన్నలు విడిపోయినప్పుడు నాకు ఏడేళ్లు. పెద్దమ్మ ఆ పేర్లు చదువుతూ, "ఇది వాళ్లది, ఇది మనది" అని గిన్నెలను రెండు కుప్పలు చేసింది. నా పేరు దేని మీదా లేదు. నేను ఏ కుప్పలోకి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇవాళ ఆరేళ్ల మేనకోడలు అడిగింది.

"మామయ్యా, ఈ గ్లాసు డాడీది. తిరిగిచ్చేస్తారా? మరి నన్ను?"

మేకూ సుత్తీ తెచ్చి రెండు గ్లాసుల మీద 'చిన్ని' అని కొట్టాను.

"ఒకటి ఇక్కడ, ఒకటి డాడీ దగ్గర. రెండిళ్లూ నీవే."

"అయ్యో, వంకరగా కొట్టావ్!" అని నవ్వింది.

వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. "చిన్నినీ, గ్లాసునూ తీసుకురా బావా" అన్నాడు.

గ్లాసు సంచిలో పెట్టుకుని, చిన్ని గుమ్మంలోంచి "యల్లా మామయ్యా, పోదాం పద!" అంటోంది. సింకులో మిగిలిన గిన్నెలు తిరిగొచ్చాక తోముతాను.