కాశీనాథం బండి లగ్గం

సిద్దిపేటలో ఆ రోజుల్లో పెళ్ళైనవాళ్ళు మంత్రాలు చదివిన అయ్యగారి పేరు మరిచిపోయి ఉండొచ్చు, కట్నాలు చదివిన మనిషిని మాత్రం మరిచిపోరు. అతను మైకు కాశీనాథం. పాత బస్టాండు వెనక సందులో చిన్న మైకుసెట్టు దుకాణం అతనిది. పందిట్లో ఎవరేం చదివించారో లౌడ్‌స్పీకరులో ఊరికి వినిపించడం అతని పని. నిజానికి కిరాయి మైకుకే, చదవడం ఊరికే. కానీ ప్రాణమంతా ఆ చదవడంలోనే ఉండేది.

అందులో అతనికొక పద్ధతి ఉంది. ఎంత ఇచ్చినా అంకె చదవడు. "ఫలానా వారు, నిండు మనసుతో" అని ఊరుకుంటాడు.

"నూటపదహార్లు ఇచ్చిన గద కాశన్నా, గంతేనా?" అని పెద్దమనుషులు మొహం మాడ్చుకునేవారు.

"మనసుకు అంకె ఏడుంటది పటేలా" అనేవాడు.

ఈ పద్ధతి కొమురవ్వ వల్ల వచ్చింది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పందిట్లో "కూరగాయల కొమురవ్వ, రెండు రూపాయలు" అని గొంతెత్తి చదివాడు. పందిరంతా పకపకా నవ్వింది. తోపుడు బండి మీద కూరగాయలమ్మే ఆ మనిషి, వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు కాశీనాథం కూడా తినలేదు. అంకె చదవడం అదే ఆఖరు.

ఎనభై తొమ్మిదిలో మద్దూరులో వేపచెట్టెక్కి లౌడ్‌స్పీకరు కడుతూ జారిపడ్డాడు. పట్నం దవాఖానలో నాలుగు నెలలుండి ఇంటికొచ్చాడు. నడుము పైన అంతా మామూలే, నడుము కింద ఏదీ మాట వినదు.

"గొంతు మంచిగుంది, సాలు" అంది భార్య రాధాబాయి.

ఇద్దరి ఆశా ప్రమాద బీమా మీదే. ఏజెంటు రామేశ్వర్ ఎప్పుడో పట్టుబట్టి చేయించిన పాలసీ అది. ఆ డబ్బుతో చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి కొనాలి, మాఘమాసం లగ్గాలకు అందుకోవాలి. ఈ మాఘం పోతే గిరాకీ అంతా కొత్త మైకుసెట్టు వాళ్ళకు పోతుంది, ఆ తర్వాత అతన్ని పిలిచేదెవరు?

ఒక మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. రాధాబాయి కూడబలుక్కుని చదివింది: పాలసీలో వృత్తి "దుకాణంలో కూర్చుని వ్యాపారం" అని ఉంది. చెట్టెక్కడం అందులో లేదు. కావున పరిహారం ఇవ్వబడదు.

కాశీనాథం ఉత్తరం అందుకుని మడిచాడు. "కూసుండి మైకు గడ్తే ఎవలికి ఇనవడ్తదే? మన పిల్లికా?"

రాధాబాయి ఏడవాలో నవ్వాలో తోచక నవ్వింది. నాలుగు నెలల నవ్వంతా ఒక్కసారే వచ్చింది. అప్పుడే గడపలోకి వచ్చిన ఇద్దరు, టెంటు సామాన్లు కిరాయికిచ్చే భిక్షపతి, సైకిలు దుకాణం మల్లేశం, ఈ ఇంట్లో బీమా డబ్బు వచ్చిందనే అనుకున్నారు.

సంగతి విని మల్లేశం తల గోక్కున్నాడు. "సర్కారు బండికని సంగారెడ్డి ఆఫీసుల దరఖాస్తు వెడ్తె ఈ మాఘం గాదు, ఏ మాఘానికొస్తదో తెల్వది. పైపులు నా తాన ఉన్నయి, వెల్డింగు జేస్త. చక్రాలు కొనాలె, గది నా తోని గాదు."

భిక్షపతి మంచమ్మీద చతికిలబడ్డాడు. "కాశన్నా, నీ ఇంట్ల ఇప్పటిదాంక కార్యం అయిందా?"

"పిల్లలు లేకపాయె. మా లగ్గం గుళ్ళె నలుగుర్ల అయిపాయె."

"గదే! ఊరంత నీ నోటితోని సదివిచ్చుకున్నది. నీకు సదివిచ్చే మోకా ఎవనికి రాలే. బండికి లగ్గం జేద్దాం!"

"థూ, అడుక్కున్నట్టుంటది."

"లగ్గం జేసుకుంటె అడుక్కునుడా?"

"పిలగాడెవలు మరి?" అంది రాధాబాయి.

"ఇంకెవలు, అన్ననే! నువ్వు పిల్ల తల్లివి. అల్లుని కాళ్ళు గడుగు."

"నాలుగు నెలల సంది గడుగుతనే ఉన్న!"

ఆ మాటకు కాశీనాథమే ముందు నవ్వాడు. నవ్వాక కాదనడం కుదరలేదు.

ఆదివారం సందులో పందిరి లేచింది. నడుమ ఇటుకల మీద చక్రాల్లేని బండి, పసుపు రాసి, బంతిపూలు చుట్టి. పక్కన పానా పట్టుకుని మల్లేశం. ఒక చక్రానికి సరిపడా చదివింపులు వస్తే ఒక చక్రం బిగించాలని ఒప్పందం. కుర్చీలో కొత్త పంచెతో కాశీనాథం, చేతిలో మైకు. తన కట్నాలు తనే చదవాలి.

"ఇయ్యాలన్న అంకెలు సదువు. రోషం పుట్టి పక్కోడు పెంచుతడు" అని భిక్షపతి చెవిలో పోరు పెట్టాడు.

"సదువ."

ఏజెంటు రామేశ్వర్ తలొంచుకుని వచ్చి కవరిచ్చాడు. "నా పేరు వద్దన్నా."

లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకుంది. "ఏజెంటు రామేశ్వర్, నిండు మనసుతో! కూసుండి గాదు, నిలవడి ఇచ్చిండు!"

పందిరి గొల్లుమంది. రామేశ్వర్ కూడా నవ్వి, జేబు తడిమి ఇంకో నోటు పెట్టాడు. పదకొండింటికి మొదటి చక్రం ఎక్కింది, బ్యాండు మోగింది. పప్పు, వంకాయ వడ్డిస్తుండగా రెండోది ఎక్కింది. బంతులు లేస్తున్నాయి, జనం పలచబడుతోంది, మూడోది మాత్రం లేదు. చదివింపుల పళ్ళెం ఖాళీ.

"పెండ్లిపిల్ల ముక్కు ఇటుకలకాన్చింది" అన్నాడు భిక్షపతి. ఎవరూ నవ్వలేదు. కాశీనాథం మైకు ఆపేయబోయాడు.

అప్పుడు సందు మొదట్లో గడగడమని చప్పుడైంది. ముసలి కొమురవ్వ ఒక చక్రాన్ని కట్టెతో కొడుతూ, పిల్లలు ఆడుకున్నట్టు దొర్లించుకుంటూ వస్తోంది. చక్రం ముందు, ఆమె వెనక.

"మోకాళ్ళు పోయినంక నా తోపుడు బండి గోడకు పండవెట్టిన బిడ్డా. నాలుగిట్ల గిదే మంచిగుంది. సూడు మల్లేశం, పడ్తదా?"

మల్లేశం జానతో కొలిచాడు. "రెండు వేళ్ళంత సిన్నగుందవ్వా. ముందల బిగిస్త. బండి జర వంగుతది, అందరికి దండం వెట్టినట్టు."

కాశీనాథం మైకెత్తాడు. "కూరగాయల కొమురవ్వ, నిండు..."

"ఆగు." ఆమె మైకు వైరు పట్టుకుంది. "నా అంకె సదువు. గప్పుడు రెండు రూపాయలంటె ఊరంత ఇన్నది గద. ఇయ్యాల గూడ ఇననియ్."

కాశీనాథం మైకు దించి చక్రం వైపు చూశాడు. రాధాబాయి అతని వీపు మీద పొడిచింది.

"కూరగాయల కొమురవ్వ," అన్నాడు, "ఒక్కటి! ఒక చక్రం!"

లౌడ్‌స్పీకరు కీచుమంది. పందిరంతా నవ్వింది, అందరికన్నా ముందు కొమురవ్వ నవ్వింది. నవ్వి, పోయి బంతిలో కూర్చుంది.

"ఇగ నా విస్తరి ఎయ్యున్రి."

రాధాబాయే వడ్డించింది. కాశీనాథాన్ని బండెక్కించారు. హ్యాండిలు తిప్పాడు. బండి వంగి వంగి దండాలు పెడుతూ కదిలింది. సంతోషంలో అలవాటు కొద్దీ "వధూవరులు భోజనాలకు రావాలె!" అని మైకులో అరుస్తూ పందిరి చుట్టూ తిరిగాడు. బ్రేకు ఎక్కడుందో మల్లేశం ఇంకా చెప్పలేదు. పందిరి గుంజకు తగిలి, షామియానా ఒక పక్క కొమురవ్వ విస్తరి దాకా జారింది.

ఈసారి ఆమె లేవలేదు. ఎడమ చేత్తో గుడ్డ పైకెత్తి పట్టుకుని, కుడి చేత్తో తింటూనే ఉంది.