పొట్టేలుకు అరచెయ్యి చూపించిన అల్లుడు

కొత్త అల్లుడిగా మొదటిసారి తనకల్లు దగ్గరున్న అత్తవారి ఊరికి వెళ్ళినప్పుడు నా పరువు ఎలా నీళ్ళపాలయిందో చెబుతాను. నవ్వుకోండి, మొహమాటం వద్దు. మా ఆవిడ సుజాత ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేను కదిరిలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేసేవాణ్ణి. పగలంతా అందరి చేతా చీవాట్లు తినే నాకు, ఫోన్‌లో వచ్చే మాయాశక్తుల సీరియళ్ళంటే ప్రాణం. వాటిలో హీరోను మొదట అందరూ చేతకానివాడి కింద జమకడతారు. తర్వాత అతను అరచెయ్యి చూపిస్తే చాలు, సైన్యం వేరుశనగ పొట్టులా ఎగిరిపోతుంది. అత్తవారింట్లో నాకు దొరికిన తోడు సుజాత వాళ్ళ అవ్వ. ఇద్దరం ఒకే ఫోన్ మీదికి తలలు వంచి చూసేవాళ్ళం.

"వాళ్ళ నాయన గూడా వీణ్ణి తిట్నాడు కదప్పా, ఇప్పుడు సూడు," అని మురిసిపోయేది అవ్వ.

మా మామ మాత్రం నాతో నోరు విప్పేవాడు కాదు. ఆయన మెప్పు కోసం నాకు లోపల ఒకటే ఆరాటం.

ఒక ఉదయం నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. అందరం బిందెలతో మోసి వాకిట్లో తొట్టి నింపాం. సరిగ్గా అప్పుడే మామ ముద్దుగా పెంచుకునే పొట్టేలు తాడు తెంపుకుని తొట్టి వైపు దూసుకొచ్చింది.

"పక్కకు జరుగు, పొడుస్తాది," అంది సుజాత.

"నువ్వు సూస్తా ఉండు," అన్నాను. తొట్టికి అడ్డంగా నిలబడి, ఒక కాలు ముందుకు వేసి, అరచెయ్యి చాచాను.

పొట్టేలు ఆ సీరియల్ చూడలేదు.

మరుక్షణం నేను తొట్టిలో ఉన్నాను. తొట్టిలోని నీళ్ళు సగం వాకిట్లో ఉన్నాయి. పొట్టేలు వాటిని తీరిగ్గా తాగుతోంది.

"ఏం సేద్దామని నిలబడితివి అల్లుడా?" అన్నాడు మామ.

"ఆపుదామని, మామా."

"సెయ్యి సరిగానే పెట్నాడు లేరా," అని అవ్వ నన్ను వెనకేసుకొచ్చింది. "మంత్రం మర్సిపోయినాడు, అంతే."

అన్ని నీళ్ళు పారబోసినందుకు చీవాట్లు తప్పవని తల దించుకున్నాను. మామ దగ్గరకొచ్చి, చంకల్లో చేతులు వేసి, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు నన్ను బయటికి ఎత్తాడు.

"నీళ్ళు పోతే పోయినాయి. నడుము బాగుండాదా నాయనా?"

ఆ మాటకి నా కళ్ళు తడిశాయి. అప్పటికే నిలువునా తడిసి ఉన్నాను కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

సాయంత్రం అవ్వా నేనూ ఫోన్ ముందు కూర్చుంటే మామ కూడా వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. తెర మీద హీరో చెయ్యి చాచి సైన్యాన్ని ఆపేశాడు. మామ తెర వైపు వేలు చూపించి అన్నాడు.

"ఆ సైన్యంలో పొట్టేలు లేదు గాబట్టి బతికినాడు."

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఎంత పెద్ద సైన్యం ఎదురొచ్చినా ఆపడానికి నేను సిద్ధం. కొమ్ములున్నవి ఎదురైతే మాత్రం దారి వదిలి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాను.