ఎర్రదీపం మీద గుడ్డ

సత్తెనపల్లి దగ్గర పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో నేను తయారుచేసిన ప్రమాద దీపం ఉంది. అది వెలిగినా యంత్రం ఆగలేదని, మంగమ్మ అనే కూలీ కుడిచేతి వేళ్లు నలిగిపోయాయని ఫోనొచ్చింది. 2006 డిసెంబరులో బయలుదేరాను.

గుంటూరులో ఉదయం ఆరున్నర బస్సెక్కితే ఎనిమిదింటికి సత్తెనపల్లి, టికెట్టు పదిహేను రూపాయలు. అక్కణ్ణుంచి షేర్ ఆటోకి ఐదు. దారంతా మంచు, పత్తి ట్రాక్టర్లు. "ముక్కుకి గుడ్డ కట్టుకోండి సార్, పత్తి దుమ్ముకి సాయంత్రందాకా దగ్గుతారు" అన్నాడు ఆటో డ్రైవరు. నేను కట్టుకోలేదు, దగ్గుతూనే ఉన్నాను.

కూలీలు బటన్ నొక్కితే ఆ కబురు కరెంటు తీగల మీదుగానే ఆపరేటరు దగ్గరి దీపానికి చేరాలి. తీగల్లో గోల, అంటే అక్కర్లేని కరెంటు అలజడి, ఎప్పుడూ సన్నటి హోరులా ఉంటుందనుకుని, మూడు చిన్న పల్సులను, అంటే మూడు చిన్న కరెంటు తట్లను, సంకేతంగా పెట్టాను. పరీక్షించింది ఆగస్టులో, మిల్లు మూసి ఉన్నప్పుడు. అప్పుడు భేషుగ్గా పనిచేసింది. తీరా పత్తి సీజన్లో, మిల్లు నడుస్తుండగా చూస్తే, మోటారు వేసిన ప్రతిసారీ తీగల్లో ఒక పెద్ద దెబ్బ. వరుసగా మూడు మోటార్లు వేస్తే, ఆ మూడు దెబ్బల్నే సంకేతమనుకుని దీపం దానంతటదే వెలుగుతోంది.

ఆపరేటరు కోటయ్య మంగమ్మ భర్తే. "రోజూ ఊరికే వెలుగుద్ది సార్. మిషను ఆపినప్పుడల్లా ఓనరు తిట్లు. అందుకే గుడ్డ కప్పా" అన్నాడు తల వంచుకుని. ప్రమాదం జరిగిన రోజు నుంచి భార్య అతనితో మాట్లాడటం లేదట. తప్పు నాదని ఆమెకు చెప్పడానికి మధ్యాహ్నం అతనితో ఇంటికి వెళ్లాను. అతను గుమ్మం బయటే నిలబడ్డాడు.

అంతా విని మంగమ్మ అడిగింది. "దీపం ఊరికే వెలుగుతోందని మీకు ఫోన్ చేశానంటాడు. నిజమేనా?"

"చేశాడమ్మా."

"మీరేమన్నారు?"

"పట్టించుకోవద్దు, సీజనయ్యాక చూస్తానన్నాను."

ఆమె కట్టుకట్టిన చెయ్యి చూసుకుంది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "ఏమయ్యా, లోపలికి రా, అన్నం తిను" అంది. నాతో మళ్లీ మాట్లాడలేదు.

ఇప్పుడా సంకేతాన్ని మోటార్ల దెబ్బలతో పొరబడనంత పొడవుగా, ఎడంఎడంగా మార్చాను. పనిచేస్తోంది. అయినా సిగ్గుగానే ఉంది. తీగల్లోని గోలను తర్వాతైనా కొలిచాను గానీ, ఫోన్లో కోటయ్య చెప్పిన మాటను మాత్రం ఉత్త గోలగానే తీసిపారేశాను.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లు నవంబరు దాటాక, మిల్లు నడిచేటప్పుడే వెళ్లండి. ఆఫీసుగదిలోకి వెళ్లేముందు ఒక పూట ఆపరేటరు పక్కన నిలబడండి.