హిందూపురం సొప్పు

నేను పుట్టింది హిందూపురంలో. అక్కడివాళ్ల నోట్లో తెలుగూ కన్నడమూ కలిసే ఉంటాయి. ఆకును మేము సొప్పు అంటాం. తోటకూరైనా సొప్పే, మెంతికూరైనా సొప్పే. ధర్మవరంలో కాపురానికి వచ్చిన కొత్తలో "పప్పులోకి సొప్పు తెస్తారా" అని అడిగితే మా ఆయన పడీ పడీ నవ్వారు. "పప్పులోకి సొప్ప ఏందే, మేమేమన్నా ఎద్దులమా?" అన్నారు. అక్కడ సొప్ప అంటే పశువులకు వేసే ఎండు జొన్నదంట్లు. ఆ మాట పట్టుకుని నన్ను చాలా కాలం ఏడిపించారు.

మా ఇల్లు మగ్గం చప్పుడుతోనే నిద్ర లేచేది. ఉడకబెట్టిన పట్టు వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నా కాళ్లు తెలియకుండానే ఆగిపోతాయి. మా ఆయన ఖద్దరు కట్టుకుని పట్టు నేసే మనిషి. సాయంత్రమైతే మా అరుగు మీద చట్టసభ కూడేది. పట్టుకు రంగులు వేసే ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు. ఇద్దరికీ గంజాయి దుకాణం మీద వాదన పడేది. దుకాణమంటే దొంగ వ్యాపారం కాదు, సర్కారే వేలం వేసి ఇచ్చేది.

"ఏమప్పా, పెరట్లో ఒక్క చెట్టు పెంచితే కేసు పెడతారు. అదే ఆకు వాళ్లు అమ్మితే ధర్మమా?" అనేవాడు పెద్దాయన.

"అందుకే మూయమంటాండా. వాళ్లూ అమ్మకూడదు, మనమూ తాగకూడదు" అనేవారు మా ఆయన.

ఆయన పట్టుదల ఊరికే వచ్చింది కాదు. ఆయన చిన్నాయన గంజాయి పీల్చి పీల్చి మగ్గం వదిలేసి, బైరాగుల వెంట పోయి మళ్లీ తిరిగి రాలేదు. ఆ చిన్నమ్మ ఊళ్లోవాళ్ల మగ్గాలకు దారపు కండెలు చుట్టి బతకడం మా ఆయన కళ్లారా చూశారు. దుకాణం ముందు నిలబడి, వచ్చినవాళ్ల కాళ్లు పట్టుకుని వెనక్కి పంపేవారు.

ఆయనకు తెలియని సంగతి ఒకటి వంటింట్లో ఉండేది. మా అత్తకు కడుపులో ఏదో జబ్బు. నొప్పి వచ్చిందంటే మెలికలు తిరిగిపోయేది. ఇంగ్లీషు మందులూ అయ్యాయి, కషాయాలూ అయ్యాయి. చివరికి పని చేసింది చిటికెడు గంజాకు, బెల్లమూ మిరియాలతో నూరి చేసిన ఉండ. దాన్ని తెచ్చిచ్చేది అరుగు మీద వాదించే ఆ పెద్దాయనే. "కడుపు మందు" అని అత్త పేరు పెట్టుకుంది. కొడుకు బయట దుకాణం మూయమని అరుస్తుంటే లోపల ఆమె ఉండ మింగి నాకేసి చూసి నవ్వేది. నాకూ నవ్వు ఆగేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత మా జిల్లాకూ కల్లూ గంజాయీ నిషేధం వచ్చింది. దుకాణానికి తాళం పడింది. మా ఆయన వీధంతా బెల్లం పంచారు. అత్త కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఆ వారమే నొప్పి తిరగబెట్టింది. పళ్లు బిగబట్టి గోడకు తల ఆనించుకునేది కాని కొడుకుతో మాత్రం చెప్పనిచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది, ఆమె మీదా, ఆయన మీదా.

పుట్టింటికి వెళ్లినప్పుడు మా అమ్మతో చెప్పాను. హిందూపురం దాటి కాస్త దూరం పోతే మైసూరు రాజ్యం. అక్కడ చట్టం వేరు, దుకాణం తెరిచే ఉంది. ఇటు నేరమైన ఆకు అటు సరుకు. మా ఆయన పట్టు కోసం బెంగళూరు వెళ్లి, తిరిగి వస్తూ హిందూపురంలో దిగి అత్తవారింట్లో భోంచేసి రైలెక్కేవారు. మా అమ్మ మైసూరు వైపు నుంచి తెప్పించిన ఒక చిన్న పొట్లం చేతికిచ్చి, "సొప్పు అల్లుడూ, మీ యమ్మ కడుపునొప్పికి" అంది. మా వైపు గంజాయిని బంగి సొప్పు అంటారు. అల్లుడి ముందు మొదటి ముక్క పలకడానికి ఆమెకు సిగ్గేసింది. ఆయన ఏదో ఆకు మందనుకుని సంచిలో వేసుకున్నారు. అట్లా, దుకాణం మూయించిన మనిషే నెలనెలా గంజాయి మోసుకొచ్చారు. అత్త మళ్లీ కూర్చుని కండెలు చుట్టింది.

ఒకసారి పెనుకొండ స్టేషన్లో అబ్కారీ జవాను రైలు పెట్టెలోకి ఎక్కాడు. గంజాయి మానమని పెట్టే మీటింగులలో మా ఆయన్ను చూసినవాడే. సంచి చూపమంటే ఆయన దర్జాగా చూపారు. "సొప్పు, మా యమ్మకు మందు" అన్నారు. జవానుది మడకశిర వైపు, మా హిందూపురం మాటే. పొట్లం విప్పి వాసన చూసి, "బంగి సొప్పు సామీ ఇది" అన్నాడు. ఆయన ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, పొట్లం తీసుకుని, కేసు రాయకుండా దిగిపోయాడు.

మా ఆయన నేరుగా ఇంటికి వచ్చారు. అత్త ముందు కూర్చుని, "ఎన్నాళ్ల నుంచి తింటాండావు మా?" అని అడిగారు. ఆమె చెప్పింది. తర్వాత కొన్నాళ్లు ఆయన ఆమె నొప్పిని దగ్గర కూర్చుని చూశారు. చూసి చూసి, ఒక రోజు పొద్దున్నే హిందూపురం వెళ్లి ఆ సొప్పు తెచ్చి, తన చేత్తోనే బెల్లం వేసి నూరారు.

అత్త ఉండ చేతిలో పట్టుకుని, "ఇంక మీటింగులో ఏం చెప్తావు నాయనా?" అంది.

"చెప్పనులే మా."

"చెప్పు. మీ చిన్నాయన మాదిరి పాడయ్యేటోళ్లు ఉండారు గదా. నా సంగతి మాత్రం యాడన్నా పక్కన పెట్టి చెప్పు."

ఆయన పక్కన పెట్టలేదు. తర్వాతి మీటింగుకు నేనూ వెళ్లాను. అబ్కారీ అధికారి ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాడు. "దుకాణం మూసింది మంచిదే. కాని మందుకని అడిగేవాళ్లకు సర్కారు ఒక దారి చూపాల" అన్నారు మా ఆయన. వెనక నుంచి ఎవరో, "మందని చెప్పనోడు ఎవుడప్పా? ఎవురికంట ఆ మందు?" అన్నారు. అందరూ నవ్వారు.

"మా యమ్మకు" అన్నారు ఆయన. "తెచ్చేది నేనే."

నవ్వులు ఆగిపోయాయి. నా పక్కనున్నామె, ఆయన్ను పట్టుకుపోతారేమోనని భయపడి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుపోతే పోనీ అనుకున్నాను. ఈయన నా మొగుడని లేచి అందరికీ చెప్పాలనిపించింది.